నల్లపొర

గవ్వలన్న సూదితో రాయిని గీకుతున్నాడు. పనిచేసే చోట అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకైనా గుర్తుందో లేదో. ఒకప్పటి సముద్రపు అడుగు రాయిగా మారితే, దాన్ని పొరలు పొరలుగా కోసి ఈ నేలమాళిగకు తెస్తారు. ఏ పొరలో ఎన్ని రకాల గవ్వలున్నాయో తేల్చడం పై అంతస్తు మేడమ్ పని. వాటిని విరగకుండా రాయిలోంచి బయటికి తీయడం ఈయన పని. వేళ్లు వంకరపోయాయి, చూపు మందగించింది, ఓపిక మాత్రం చెక్కుచెదరలేదు.

అడుగు పొరల ట్రేలు గవ్వలతో కిటకిటలాడుతుంటాయి. పైకి వచ్చేకొద్దీ రకాలు తగ్గుతాయి. ఆ తర్వాత నల్లపొర. సముద్రంలో ప్రాణులన్నీ చచ్చిపోయిన కాలం నాటిది, అందులో ఏమీ ఉండదు. అయినా దానికీ ఒక ట్రే పెట్టాలి, ఖాళీగా. ఆ గది పద్ధతి అది. పొద్దు వాలేవేళ, ట్రేలు దాచే సొరుగుల్లో గవ్వలు టిక్కు టిక్కుమంటాయి, ఎవరో తలుపులు మూసుకుంటున్నట్టు. ఆయనకది అలవాటే. ఇవాళ ఆ చప్పుడు లేదు.

ఇంట్లో చెల్లెలు మంచాన పడి ఉంది. పెళ్లీ గిళ్లీ అనకుండా అన్నకు వండిపెట్టిన మనిషి. డాక్టరు పెదవి విరిచేశాడు. పొద్దున బయల్దేరుతుంటే, "చచ్చినవాటి మీదున్న ధ్యాస బతికున్నదాని మీద లేదన్నయ్యా నీకు," అని నవ్వబోయింది. దగ్గు ఆ నవ్వును మింగేసింది. దారిలో ఆయన మనసులోనే పందెం కట్టుకున్నాడు: నల్లపొరలో ఒక్క గవ్వ దొరికితే చెల్లెలు గట్టెక్కుతుంది.

చివరి ముక్క పగిలింది. బ్రష్షుతో దులిపితే నల్లటి పొడిలో గోరంత గవ్వ, రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి. వెంటనే పైకి కబురు పంపాడు. కబురందుకుని మేడమ్ పరుగున దిగి వచ్చింది.

"అంతా తుడిచిపెట్టుకుపోయాక కూడా ఒకటి బతికిందన్నమాట," అంది.

ఆయన చేతిలోని బ్రష్షు చూసుకున్నాడు. కుచ్చులో తెల్లటి పొడి. కింది పొరకు వాడిందే. పొర మారితే బ్రష్షు మార్చాలి. ఇన్నేళ్లలో ఎన్నడూ తప్పని పని, ఇవాళ ఆదుర్దాలో మరిచిపోయాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెల్లెలు బతుకుతుంది.

"బ్రష్షు మార్చలేదు మేడమ్. ఇది కింది పొరది," అన్నాడు. అన్నాక, చెల్లెల్ని తన చేతులతోనే చావులోకి తోసేసినట్టనిపించింది.

మేడమ్ గవ్వను తీసి కింది పొర ట్రేలో వేసింది. ఎక్కడో సొరుగులో ఒక గవ్వ ఒక్కసారి టిక్కుమంది.

ఇంటికొచ్చేసరికి లైటు వేసి లేదు. "అమ్మలూ," అని పిలిచాడు. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆ టిక్కుమన్న క్షణంలోనే పోయిందని ఆయన నమ్మాడు. మంచం పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

స్టూలు మీద చిన్న గిన్నె, పైన బోర్లించిన పళ్లెం. దాని కింద, గింజలు తీసి అన్న కోసం దాచిన సగం నారింజ తొనలు.