బడి సంపు నీళ్లు

తొమ్మిదో తరగతిలో అందరూ ఆ అమ్మాయిని నత్త అనేవాళ్లు. ఏ పనైనా నిదానంగా చేసేది, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఆ ఎండాకాలం కుళాయిలు ఎండిపోతే సోషల్ టీచరు తొమ్మిది, పదో తరగతుల పిల్లలకొక పని పెట్టింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు బడి ఆవరణలో నేలకింద ఉన్న సంపులోంచి రోజుకో క్యాను నీళ్లు మోసుకెళ్లి ఇవ్వాలి. వీధికి పనికొచ్చినవాళ్లే రేపటి నాయకులని ఆవిడ నమ్మకం. నత్త వంతుకు గడియారాలు బాగుచేసే తాతగారు వచ్చారు.

"నువ్వొచ్చేలోపు నా గడియారాలు ముసలివైపోతున్నాయే" అని మొదటి వారం ఆయన ఆటపట్టించారు. రెండో వారానికి ఆ సరదా పోయింది. స్క్రూడ్రైవరు పట్టిన వేళ్లు వణికాయి. కడుపులో తిప్పుతోందని, ఎండదెబ్బ కాబోలని అన్నారు. పక్కింటి కుట్టుపని మామ్మ అప్పటికే మంచం పట్టింది. వీధి చివర ముసలి డ్రైవరు తలుపు తియ్యలేదు; లోపల్నించి మూలుగు వినిపించింది. ఇరుగుపొరుగు తలుపు బద్దలుకొట్టి ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్లారు.

నత్త వీధిలోనే నిలబడిపోయింది. సొంత బోరున్న ఇళ్లలో అందరూ బాగానే ఉన్నారు. జబ్బుపడ్డ ప్రతి గుమ్మంలోనూ బడి క్యాను ఉంది. బడిపిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్లు కాబట్టి ఆ నీళ్లు తాగినవాళ్లు వేరే లేరు. మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. దాంతో మరింత భయం వేసింది.

నత్త పరుగున వెళ్లి సంగతి చెప్పగానే టీచరు ముఖం పాలిపోయింది. హెడ్మాస్టరు మాత్రం పుకార్లు పుట్టించొద్దని, నీళ్లు మోసిన పిల్లలకు రేపు జరిగే సన్మానం అయ్యాక నీళ్లు పరీక్ష చేయిద్దామని పంపేశారు.

నత్త ఆగలేదు. ఇంటింటికీ వెళ్లి క్యాన్లు ఒంపేయసాగింది. భుజాలు కాయలు కాసేలా మోశామని క్లాసు లీడరమ్మాయి అడ్డుపడింది.

"మనల్ని నమ్మి తాగారు వాళ్లు. ముందు ఒంపేద్దాం. నాది పొరపాటైతే తిట్లన్నీ నేనే తింటాను" అంది నత్త.

ఒక్కొక్కరే వచ్చి చెయ్యేశారు. టీచరు సంపుకు తాళం వేసి, సీసాడు నీళ్లు తనే పరీక్షకు పట్టుకెళ్లింది. బడి పునాదికి కొట్టిన చెదల మందు పగుళ్లలోంచి సంపులోకి దిగిందని తేలింది.

తాతగారు, మామ్మ కోలుకున్నారు. డ్రైవరు బతకలేదు.

ఆయన గుమ్మం ముందు లీడరమ్మాయి దూరంగా నిలబడింది. "రోజూ ఆయనకు నీళ్లిచ్చింది నేనే" అంది. నత్త వెళ్లి ఆమె పక్కన నిలబడింది. పదో తరగతి పిల్లలు నీళ్లు పోసిన రెండు వీధుల్లో క్యాన్లు ఇంకా ఎవరూ ఒంపలేదు. కాసేపటికి ఇద్దరూ అటు నడిచారు. మొదటి తలుపు తట్టారు. లోపల అలికిడి లేదు.