నేను లేని గ్రామసభ

“గోమాళంలో కాకపోతే ఇంగో చోట కోసుకో. గడ్డికేమన్నా కరువొచ్చిందా?” అన్నాడు మా ఆయన సోమశేఖర్, రాగిముద్దను ఉలవల పులుసులో అద్దుకుంటూ.

కొడవలితో, ఖాళీ గోనెసంచితో అప్పుడే ఇంట్లోకి వచ్చాను. గోమాళం చుట్టూ రాతి స్తంభాలు పాతుతున్నారని, నన్ను లోపలికి అడుగుపెట్టనివ్వలేదని చెప్పాను. ముద్ద తుంచుతున్న అతని చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ సంగతి అతనికి ముందే తెలుసని అప్పుడే అర్థమైంది నాకు.

గోమాళమంటే మా ఊరి పశువులకని వదిలిన బీడు, పదకొండెకరాలు. ఇరవై నాలుగేళ్ళుగా ఎండలోనూ వానలోనూ అక్కడే గడ్డి కోస్తున్నాను. మా అమ్మాయి అర్పిత కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల వరకు కోశాను. మా రెండు ఆవులకు మేత వేసేది, కడిగేది, పాలు పిండేది, డైరీకి మోసేది నేను. డైరీలో సభ్యత్వం మాత్రం సోమశేఖర్ పేరు మీద. ఆవులు అతనివి, పేడ నాది. ఆ బీడు పోతే నాలుగు మైళ్ళు నడిచి చెరువు అవతల కోసుకురావాలి, లేకపోతే ఒక ఆవును అమ్ముకోవాలి. ఏ ఆవునన్నది కూడా అతను అప్పటికే అనుకునే ఉంటాడు.

స్తంభాలు పాతేవాళ్ళలో పెద్దాయన నాతో మర్యాదగానే మాట్లాడాడు. “మామిడి మండీకి ఇచ్చేసినారమ్మా. పోయిన నెల పద్నాలుగో తేదీ గ్రామసభలో ఊరంతా ఒప్పుకుని సంతకాలు పెట్టిందంట కదా. ఆడోళ్ళే ఎక్కువ వచ్చినారంట! ఇంగ మమ్మల్నడిగితే ఎట్ల?”

పద్నాలుగో తేదీ మా అత్తకు కంటి ఆపరేషన్. పొద్దున ఆరు గంటల బస్సుకే ఆమెను కోలారుకు తీసుకుపోయి, సాయంత్రం దాకా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. ఊళ్ళో ఏ సభా జరగలేదని మా పక్కింటి గంగ చెప్పింది. మరి సంతకాలు? అవి ఎక్కడివో నేనూ గంగా ఒకరి మొహం ఒకరం చూసుకుని గుర్తు తెచ్చుకున్నాం.

డైరీలో పెట్టాం. తెల్లవారి ఆరున్నరకు పాల వ్యాను వస్తుంది. అది వచ్చేలోపలే నలభై మంది ఆడవాళ్ళం క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతాం. సెక్రటరీ శ్రీనివాసమూర్తి పాలు కొలిచి, పుస్తకం మన వైపు తిప్పి, వేలితో చోటు చూపిస్తాడు. సంతకం పెట్టి కదలాలి. ఆగితే వెనక నుంచి అరుస్తారు, వ్యాను హారన్ కొడుతుంది. పోయిన నెలలో ఒక రోజు పాల పుస్తకం పక్కనే ఇంకో పుస్తకం ఉంది. “ఇది గూడా పెట్టమ్మా” అన్నాడు. దాణా మూటలకేమో అనుకున్నాను. మా కోలారు వైపు ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలోనే ఉంటాయి. నేను రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి, కన్నడంలో పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. ఆ పేజీ పైన ఏముందో ఒక్క క్షణం చూసి ఉంటే చదవగలిగేదాన్ని. చూడలేదు. పిల్లకు బాక్సు కట్టాలి, అత్తకు వేణ్ణీళ్ళు పెట్టాలి, అతనికి ముద్ద కెలకాలి. మా బుర్రలు ఆ వేళలో ఎక్కడుంటాయో బాగా తెలిసినవాళ్ళే ఆ పుస్తకాన్ని అక్కడ పెట్టారు.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు పోయాను. “మీ ఆయన్ను పంపమ్మా” అన్నాడు గుమాస్తా. నేనే వచ్చానన్నాను. “అయితే కూర్చో” అన్నాడు. రెండు గంటలు కూర్చోబెట్టాడు. ఎదురుగా గోడ మీద నీలం రంగులో ఏదో రాసి ఉంది. దాని ముందు ఎప్పుడూ మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉంటాయి. ఆ రోజు ఒకతను బండి తీసుకుపోయాక పూర్తిగా కనిపించింది. గ్రామసభకు వారం ముందే చాటింపు వెయ్యాలట. నోటీసు అంటించాలట. తీర్మానాన్ని సభలో చదివి వినిపించాలట. ఆడవాళ్ళు ఇంతమంది లేకపోతే సభ చెల్లదట. ఏ కాగితం నకలైనా పది రూపాయల అర్జీతో ఎవరైనా అడగవచ్చట. ఈ గోడ ముందు నుంచి బిందెలతో ఎన్ని వందల సార్లు నడిచి ఉంటాను! ఆడవాళ్ళు లేకపోతే చెల్లదు. అందుకన్నమాట డైరీకి వచ్చింది ఆ పుస్తకం. మా మాటతో వాళ్ళకు పని లేదు. మా తలల లెక్క కావాలి. ఆ తలలు కూడా కాదు, వాటి పేరున సంతకాలు చాలు.

అక్కడే తెల్లకాగితం అడిగి, ఆ సభ తీర్మానం నకలు కావాలని అర్జీ రాశాను. గుమాస్తా తీసుకోనన్నాడు. తీసుకోనని రాసివ్వమన్నాను. తీసుకున్నాడు.

ఆ రాత్రి ఇంట్లో భోజనాలు కాలేదు. “పంచాయతీకి పోయినావంటనే. ఆవులప్ప ఫోన్ చేసి నవ్వినాడు, నీ పెండ్లాము లాయరమ్మ అయిందా అని. నా తల యాడ పెట్టుకోవాల?” అన్నాడు సోమశేఖర్. ఆవులప్ప మా ప్రెసిడెంటు మొగుడు. ప్రెసిడెంటు ఆదిలక్ష్మమ్మ. సీటు ఆడవాళ్ళదని ఆమెను నిలబెట్టారు. కానీ ఊళ్ళో ప్రెసిడెంటంటే ఆవులప్పే. మా అత్త చిన్నవెంకటమ్మ నల్లద్దాల వెనక నుంచి, “మొగోళ్ళు అన్నీ చూసే చేస్తారు లేమ్మా. నీకేల ఈ ఊరి గోల?” అంది. ఇరవై నాలుగేళ్ళలో ఆ ఇంట్లో నేనేమడిగినా ఆ ‘నీకేల’ నాకంటే ముందే నా నోటి దగ్గర కాపు కాసేది. రేషన్ కార్డులో ఏముందని అడిగితే నీకేల. పొలం పత్రాలు ఎక్కడున్నాయంటే నీకేల. ఓటు ఎవరికని అడగలేదు ఎవరూ, వాళ్ళే చెప్పేశారు.

ఇరవై ఏడో రోజున నకలు వచ్చింది. పొయ్యి ముందు కూర్చుని చదివాను. పద్నాలుగో తేదీ, పదకొండు గంటలు, బడి ఆవరణ. హాజరైన మహిళలు యాభై రెండు మంది. ఊరి గోమాళం పదకొండెకరాలూ మండీకి ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఏకగ్రీవ తీర్మానం. అక్కడి దాకా కోపంగా ఉంది, అంతే. కింది రెండు పంక్తులు మాత్రం పొయ్యి వెలుగు దగ్గరికి జరిపి మళ్ళీ చదివాను. ప్రతిపాదించినవారు: మునిలక్ష్మి, సోమశేఖర్ భార్య. బలపరిచినవారు: చిన్నవెంకటమ్మ. పక్కన మా అత్త వేలిముద్ర.

అంటే ఆ బీడును ఇచ్చేద్దామని లేచి నిలబడి అడిగింది నేను. అవునని చెయ్యెత్తింది మా అత్త. మేమిద్దరం ఈ జన్మలో ఒక్క మాట మీద నిలబడింది ఆ కాగితంలోనే.

మా నాయన గోల్డ్‌ఫీల్డ్స్ బంగారు గనిలో పని చేసేవాడు. భూమిలోకి దిగే ముందు తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇచ్చి దిగేవాడు. లోపల ఎవరున్నారో పైనున్నవాళ్ళకు చెప్పేది అదే. ఒకరి టోకెన్ ఇంకొకరు ఇస్తే ఆ మనిషిని తోటివాళ్ళే తన్నేవాళ్ళట. లేనివాణ్ణి ఉన్నాడనడం అక్కడ చావుతో సమానం. ఇక్కడ దాని పేరు ఏకగ్రీవ తీర్మానం.

నకలు బయటికి తెచ్చి గట్టిగా చదివాను. ముందు మా అత్తే లేచింది. “ఆ పొద్దు నా కన్ను కోస్తా ఉంటే నేను చెయ్యెత్తినానా? ఒరే సోమా, పింఛనుకని చెప్పి కదరా నా వేలు అద్దించుకున్నావు!”

అతను తడబడ్డాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. “ఎవురి పేరో ఒకరిది రాయాల కదా. నువ్వు చదువుకున్నదానివి, నీ పేరుంటే బాగుంటాదని నేనే చెప్పినా. మండీలో తూకం పని నాకిస్తానన్నాడు ఆవులప్ప. ఎవురి కోసం? ఇంటి కోసరం కాదా?”

నా చదువు అతనికి పనికొచ్చిన మొదటి సందర్భం అది.

తాలూకా ఆఫీసులో ఒక పెద్దమనిషి మాత్రం కాగితమంతా చదివి, ఆసుపత్రి చీటీ కూడా చూసి, ఫిర్యాదు తీసుకున్నాడు. “విచారణకు టైం పడుతుందమ్మా. అంతలోపల ప్రెసిడెంటు ప్రత్యేక సభ పిలిస్తే ఊరే దీన్ని రద్దు చెయ్యొచ్చు” అన్నాడు.

నేరుగా ఆదిలక్ష్మమ్మ ఇంటికి పోయాను, పెరటి దారిన. ముందు వాకిట్లో ఆవులప్ప, మా ఆయన, ఇంకో ముగ్గురు కూర్చుని నవ్వుకుంటున్నారు. ఆమె లోపల వాళ్ళకు కాఫీ కాస్తోంది.

“నిన్ను తిట్టేదానికే వచ్చినానక్కా” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. “తిట్టు. రెండున్నరేండ్లాయె. రోడ్డేస్తే ఆయన్నే పొగుడుతారు, నీళ్ళు రాకపోతే ఆయన్నే తిడతారు. ప్రెసిడెంటని నన్ను తిట్టేదానికి వచ్చింది నువ్వే మొదట.”

తిట్లు పక్కన పెట్టాను. నకలు చదివి వినిపించాను. చివర ఆమె సంతకం చూపించాను. పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని దాన్ని తాకింది. “పాలు పొంగుతా ఉంటే పెట్టించుకునినాడు. ఎప్పుడూ కాగితం సగానికి మడిచి పట్టుకుంటాడమ్మా, సంతకం పెట్టే చోటు ఒకటే కనిపించేటట్ల.”

“సభ పిలువక్కా. పిలిచే హక్కు నీది. ప్రెసిడెంటు మొగుడనే మాట ఏ చట్టంలోనూ లేదు.”

“ఆయన ఊరుకోడు.”

“నా మొగుడూ ఊరుకోడు. వాకిట్లోనే ఉండాడు, నీ కాఫీ కోసం.”

కాఫీ పొంగి మంట మీద పడింది. ఆమె కదలలేదు. ఆ వాసనలోనే “రాయి” అంది.

నేల మీద కూర్చుని రాశాను. తేదీ, వేళ, స్థలం, విషయం. చదివి వినిపించమంది. ఇంకోసారి చదవమంది. పద్నాలుగో తేదీ తీర్మానం రద్దు అన్నచోట ఆపించి, “ఇది కొంచెం లావుగా రాయమ్మా” అంది. అప్పుడు పెట్టింది సంతకం.

“సీలు?”

“ఆయన చొక్కా జేబులో ఉంటాది.”

ఐదు గ్లాసులూ పళ్ళెంలో ఖాళీగానే ఉన్నాయి. ఆమె వాటిని దాటుకుని, కాగితం పట్టుకుని వాకిట్లోకి పోయింది.

“ఏమయ్యా, నా సీలు ఇట్లియ్యి.”

బయట నవ్వులు ఆగిపోయాయి. “ఏం సీలే?” అన్నాడు ఆవులప్ప.

“పంచాయతీది. నాది.”

ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడయింది. తర్వాత సోమశేఖర్ లోపలికి తొంగి చూసి, నేల మీద నన్ను, నా ముందున్న కాగితాలను చూశాడు. “నువ్వేం చేస్తుండావే ఈడ?”

ఇరవై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ నా మోకాళ్ళు లేవబోయాయి. లేవలేదు. కొత్త కాగితం తీసుకున్నాను.

“చాటింపుకు రాస్తా ఉండాను. పొద్దు పోతోంది, నువ్వు పోయి ఆవులకు నీళ్ళు పెట్టు” అన్నాను.