వెన్నులో తొవ్వ

"కూసుంటే నడుం నొస్తదంటవ్, నిలవడితే నొస్తదంటవ్. మరి పంటే నొయ్యదానే నీకు?" అని మా అత్త అడిగినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని నూలును కండెలకు చుడుతున్నాను. ఇంకో కండె అందుకున్నాను. పడుకున్నా నొస్తుందని చెబితే దానికీ ఒక మాట వస్తుంది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు తెచ్చి, జొన్న గటక వండి, ముగ్గురు పిల్లలకు పెట్టి రాట్నం ముందు కూర్చుంటే మళ్ళీ పొయ్యి వెలిగించేదాకా లేచేది లేదు. మగ్గం నేసేవాణ్ణి నేతగాడంటారు. అతనికి కండెలు చుట్టి, నూలుకు గంజి పెట్టి, తెగిన పోగు అతికి ఇచ్చే మనిషికి పేరు లేదు. రామన్నపేట దగ్గర మా పల్లెలో అట్లా పేరు లేని ఆడవాళ్ళు ఇంటికొకరు ఉండేవాళ్ళం.

అవి పరదేశాల్లో పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. నూలు సరిగా దొరికేది కాదు. మగ్గం ఆగితే మా ఆయన ఐలేశానికి తీరిక దొరికేది, నాకు దొరికేది కాదు. ఆ తీరికలో ఆయనకు యోగం మీద మనసు పడింది. ఆలేరు వైపు నుంచి రామమ్మ అనే పెద్దామె నెలకొకసారి వచ్చేది. కూలి చేసుకుని బతికే ఇంటి మనిషి, అక్షరం రాదు. అరవై దాటినా తాటిచెట్టులా నిటారుగా నడిచేది. ఊరి పెద్దలు ఆమెను తమ గడప తొక్కనిచ్చేవారు కాదు. మా ఆయన, ఇంకో నలుగురు నేతగాళ్ళు మాత్రం ఆమె కాళ్ళకు మొక్కి, మా ముందరింట్లో కూర్చుని బోధ వినేవారు. గురువు ఆడదైతే మొక్కడం ఆయనకు కష్టం కాలేదు. పెళ్ళాం తలుపు దగ్గర నిలబడితే మాత్రం, "నీకేం పని ఈడ? అన్నం సంగతి చూడు" అనేవాడు. రెండేళ్ళు అట్లాగే గడిచాయి. వాళ్ళు శ్వాస గురించి మాట్లాడుకుంటుంటే నేను పొయ్యి ఊదేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర రామమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"గీ వంట ఎవరు చేసిండ్రు?"

"మా ఇంటామె, అవ్వా."

"ఏది, ఎన్నడు వచ్చి కూసోదేంది?"

మా ఆయన నవ్వాడు. "ఆమెకు గివన్ని ఎక్కడియవ్వా. తీరికే ఉండదు."

"ఎట్లుంటది? ఆమె తీరికనే గద నువ్వు కూసోని తింటున్నవ్" అంది రామమ్మ. చెయ్యి కడుక్కుని నేరుగా వంటింట్లోకి వచ్చింది. మా అత్త పక్కకు జరిగి దారిచ్చింది.

రామమ్మ నా వెనక కూర్చుని నడుము మీద చెయ్యి వేసింది. మూడు కాన్పులు చేసిన మంత్రసాని తప్ప, నా వెన్ను ముట్టి ఎక్కడ నొస్తోందని అడిగిన మనిషి అంతవరకు లేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడువు, ఏం కాదు. మనసు నిమ్మలమైనంక ఇను" అంది. వెన్ను చివర వేలు ఆనించింది. "గీడ ఒక శక్తి పండుకోని ఉన్నది బిడ్డా. మూడున్నర చుట్లు చుట్టుకున్న పాము లెక్క. కుండలిని అంటరు. నువ్వు పుట్టినప్పటి సంది నీతోనే ఉన్నది. ఎడమ ముక్కుల చంద్రుడు, కుడి ముక్కుల సూర్యుడు. రెండు గాలులు సమానమైతే నడుమ తొవ్వ తెరుసుకుంటది. గప్పుడు అది లేసి, ఎన్నుల ఒక్కొక్క తామరపువ్వసొంటి చక్రం దాటుకుంట నెత్తి దాక పోతది."

"పోతే ఏమైతదవ్వా?"

"ముందుగాల నిద్ర మంచిగ పడ్తది. ఒళ్ళు తేలికైతది. కోపం తగ్గుతది, ఆ ఎనుక భయం పోతది. ఆ పైన సంగతి నేను చెప్తే నమ్మవ్, నువ్వే చూడాలె." కాస్త ఆగి, "జర పైలం. పండుకున్న పామును కట్టెతోని పొడిచి లేపొద్దు. గాలి బిగవట్టి ఆరాటపడొద్దు. ఎన్ను నిటారుగ పెట్టి, వచ్చే గాలిని పోయే గాలిని చూస్కుంట కూసో. గంతే" అంది.

ఎప్పుడు కూర్చోవాలి? మధ్యాహ్నం మా అత్త కునుకు తీసే కాసేపే నాకు దొరికింది. రాట్నం పక్కకు జరిపి, గోడకు ఆనుకోకుండా కూర్చునేదాన్ని. మొదటి నెల కళ్ళు మూస్తే తోమవలసిన గిన్నెలే కనబడ్డాయి. శ్వాస నాలుగుసార్లు చూసేలోపు పిల్లవాడి జ్వరమో, తెగిన పోగో అడ్డం వచ్చేది. రెండో నెల నిద్ర పట్టడం మొదలైంది. పదేళ్ళ తర్వాత, కలలు లేని నిద్ర. నడుము నొప్పి పూర్తిగా పోలేదు గాని, అరిచే మనిషి గొంతు తగ్గించినట్టు తగ్గింది. మా అత్త ఏదైనా అంటే గుండె దడదడలాడడం మానేసింది. ఆమె మాట నాదాకా వచ్చేలోపు ఒక శ్వాస దూరం ఏర్పడింది. ఆ దూరంలో నేను ఉన్నానని నాకు మొదటిసారి తెలిసింది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం అది జరిగింది. వెన్ను చివర వెచ్చగా అనిపించింది. చీమల బారు పాకుతున్నట్టు మెల్లగా పైకి వచ్చింది. నడుము దాటింది, ఏళ్ళ తరబడి రాయిలా ఉన్న చోటు దాటింది, గుండె వెనక కాసేపు నిలిచింది. భయపడలేదు. శ్వాస దానంతటదే సన్నబడి, ఉందో లేదో తెలియకుండా పోయింది. పక్కింటి మగ్గం చప్పుడు నా లోపలి నుంచే వస్తున్నట్టుంది. నా ఒళ్ళు ఎక్కడ అయిపోతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. నెత్తి మీద ఎండ లేదు, అయినా లోపలంతా వెలుగు. ఐలేశం పెళ్ళాం అక్కడ లేదు, ఆ ఇంటి కోడలూ లేదు, ముగ్గురు పిల్లల తల్లీ లేదు. అయినా నేను ఉన్నాను. ఇంత పెద్దది నాలో పడుకుని ఉండగానే నేను ఇన్నేళ్ళూ బూడిద ఎత్తిపోశానా! కన్నీళ్ళు కారిపోతున్నాయి, పెదవుల మీద నవ్వు. రెండూ నేను చేస్తున్నవి కావు.

కళ్ళు తెరిచేసరికి మా అత్త వేపమండలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. "కొడుకా, బిక్షమ్మకు గాలి సోకిందిరో!" అని అరుస్తోంది. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన ముఖంలో ముందు భయం, తర్వాత ఇంకేదో కనిపించింది.

"రెండేండ్ల సంది కూసుంటున్న. కాళ్ళు తిమ్మిరెక్కుడు తప్ప నాకేం కాలే. నీకెట్లొస్తది?"

పక్కకు జరిపిన రాట్నం మళ్ళీ ముందుకు లాక్కున్నాను. "ఇగ కూసోకు" అని వెళ్ళిపోయాడు. మా అత్త మాత్రం వేపమండలు కింద పెట్టి, నిటారుగా ఉన్న నా వెన్ను వైపు చూస్తూ తన వంగిన నడుము రుద్దుకుంది.

రామమ్మ వచ్చినప్పుడు ఆయనే అడిగాడు. "గిదేం న్యాయం అవ్వా?"

"దూప అయినోళ్ళకే నీళ్ళ రుచి తెలుస్తది బిడ్డా" అందామె. "నీకు అడగకముందే అన్ని వచ్చినయ్. ఆమె ఇన్నేండ్లకు ఒక్కసారి తన కోసం కూసున్నది." తర్వాత నా వైపు తిరిగి, "పున్నానికి మా ఇంటికి రా. మూడొద్దులుండు. తర్వాత ఎట్ల నడవాలెనో చెప్త" అంది.

ఆమె వెళ్ళగానే ఆయన గొంతు లేచింది. "మూడు దినాలా! ఇల్లెవరు చూస్తరు? పిల్లలకెవరు వండుతరు? పోతే మళ్ళ ఈ గడప తొక్కకు."

ఆ మాట అంతకుముందు విని ఉంటే తల వంచుకుని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. ఆ రోజు నేను శ్వాస చూసుకున్నాను. వచ్చింది, పోయింది. "పోయొస్త" అన్నాను. మొండితనంతో అనలేదు. అన్నం ఉడికిందని చెప్పినంత మామూలుగా అన్నాను.

పున్నమి రోజు తెల్లవారగానే చీర మూటగట్టుకుని బయటికొచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని ముఖం తిప్పుకున్నాడు. వాకిట్లో మా అత్త, నలభై ఏళ్ళ రాట్నానికి కొడవలిలా వంగిపోయిన మనిషి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చిన్న మూట పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. ఆపడానికే అనుకున్నాను.

"ఎటు పోతున్నవే అమ్మా?" అని ఆయన అరుగు మీంచి ఊడిపడ్డట్టు లేచాడు.

ఆమె కొడుకు వైపు చూడలేదు. తల కష్టంగా పైకెత్తి నన్ను చూసింది.

"నాకు గూడ ఎన్నుపూస ఉన్నది గదనే, బిక్షమ్మా" అంది.