వెనక బెంచీ పక్కన నా చోటు

నేను ఒక తుమ్మకర్ర కుర్చీని. 1994 జూన్ ఇరవయ్యో తేదీ పొద్దున పుట్టాను. ఆ తేదీని నా అడుగున ఉలితో చెక్కినవాడు మౌనేశ్వరాచారి, నన్ను చేసిన వడ్రంగి. చెక్కడం పూర్తయ్యాక చేతులు కడుక్కొని ఇంటి నుంచి వచ్చిన బొరుగుల ఉగ్గాని గిన్నె మూత తీశాడు. ఉగ్గానితో పాటు రెండు మిరపకాయ బజ్జీలు ఉన్నాయి. వాటిని పెట్టుకోవడానికి చోటు కనబడక, కాగితంతో సహా నా ఎడమ చెయ్యి మీద పెట్టాడు. ఆ నూనె నాలోకి ఇంకిపోయింది, ఇప్పటికీ మరక ఉంది. లోకంలోకి వచ్చిన మొదటి పూటే ఒక మనిషి నాతో అంత చనువుగా ఉన్నాడు. నాకు అది మంచి శకునంలా తోచింది.

నన్ను చేయించింది రాళ్ళకొత్తూరు హైస్కూలు వాళ్ళు. అంతకుముందు వచ్చిన తనిఖీ అధికారి కూర్చోగానే పాత కుర్చీ కాలు విరిగి, ఆయన సగం తనిఖీ నేల మీద నుంచే చేయాల్సి వచ్చిందట. అందుకని ఊరి పెద్దలు కూడి, ఏనుగు కూర్చున్నా కదలని కుర్చీ ఒకటి కావాలన్నారు. నేను కదలను. నన్ను కదిలించేవాళ్ళ నడుము కదులుతుంది.

నా ఉద్యోగం చాలా గౌరవమైనది, చాలా తేలికైనది కూడా. ఏడాదంతా హెడ్మాస్టరు గదిలో మూలన ఉండాలి. అధికారి వచ్చిన రోజు నా వీపున ఉతికిన పసుపురంగు తువ్వాలు పరిచేవారు. అటెండరు కుళ్ళాయప్ప నన్ను ఎత్తుకొని తరగతికి తెచ్చి, నల్లబల్ల పక్కన పిల్లలకు ఎదురుగా వేసేవాడు. సాయంత్రం మళ్ళీ మోసుకుపోయి గదిలో పెట్టి తాళం వేసేవాడు. బడి మొత్తం మీద దొంగలెత్తుకుపోదగిన వస్తువు నేనొక్కదాన్నేనని అతని నమ్మకం. నన్నెత్తుకుపోగల దొంగ ఆ చుట్టుపక్కల లేడన్న సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదు.

తనిఖీ రోజు వ్యవహారం ముచ్చటగా ఉండేది. చురుకైన పిల్లలు ముందు బెంచీలకు, తక్కినవాళ్ళు వెనక్కు మారిపోయేవారు. నిన్ననే చెప్పిన పాఠాన్ని ఇవాళ కొత్తగా చెప్పేవారు. ప్రశ్నలు, జవాబులు వరసగా ముందే అభ్యాసం చేయించేవారు. ఒకసారి ఒక అధికారి ఆ వరస తెలియక, లేచి నిలబడిన పిల్లవాణ్ణి "మీ నాన్న ఏం చేస్తాడు బాబూ?" అని అడిగాడు. "కిరణజన్య సంయోగక్రియ సార్" అన్నాడు వాడు. అధికారి తలూపి, కొబ్బరినీళ్ళు తాగి, బడి బాగుందని రాసి వెళ్ళిపోయాడు. పిల్లల ముఖాలకు ఎదురుగా కూర్చున్నవాళ్ళందరూ అలాగే రాసేవారు. వాళ్ళతో పాటు నేనూ ఆ ముఖాలే చూసేదాన్ని, బాగుందనే అనుకొనేదాన్ని.

పదో తరగతి ఫలితాలు మాత్రం వేరేగా చెప్పేవి. ఒక ఏడు జిల్లాలో అందరికంటే అడుగున మేమే ఉన్నాం. ఆ జూన్‌లోనే షంషాద్ బేగం గారు హెడ్మాస్టరుగా వచ్చారు. వచ్చిన వారానికే జిల్లా కేంద్రంలో ప్రధానోపాధ్యాయుల సమావేశం జరిగింది. జిల్లా విద్యాధికారి ఆదిశేషయ్య గారు పై నుంచి కిందికి బడుల పేర్లు చదివించి, ఆఖరి పేరు దగ్గర ఆగారట. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే రాళ్ళకొత్తూరు పదో తరగతిని టౌను బడిలో కలిపేస్తానన్నారట. తిరిగొచ్చి మేడమ్ గారు నా మీద కూర్చొని ఈ మాట సార్లందరికీ చెప్పారు.

అందరికంటే ముందు కుళ్ళాయప్పే అన్నాడు. "టౌనుకు మగపిల్లోళ్ళు యాడన్నా యేలాడి పోతారు మేడమ్. ఆడపిల్లోళ్ళను ఎవురూ పంపరు. మా మారెక్కదే ఆఖరు పది. దాని యెనకొచ్చేటోళ్ళ సదువు తొమ్మిదితో సరి."

మారెక్క అతని చెల్లెలి కూతురు. అప్పుడే తొమ్మిది దాటి పదిలోకి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంటుంది.

మర్నాడు లెక్కల సారు ఓబులేసు పాఠం చెబుతుంటే మేడమ్ గారు తరగతిలోకి వచ్చారు. వెనకాల కుళ్ళాయప్ప నన్ను మోసుకొచ్చి అలవాటు ప్రకారం నల్లబల్ల పక్కన దించాడు.

"అక్కడ వద్దప్పా, వెనక వెయ్యి" అన్నారామె.

"వెనకా? అది పిల్లోళ్ళ జాగా మేడమ్."

"అందుకే."

నన్ను బెంచీల మధ్య నుంచి ఈడ్చుకుపోతుంటే నా కాళ్ళు నేల మీద కీచుమని అరిచాయి. తరగతి తరగతంతా మెడలు తిప్పి మమ్మల్నే చూసింది. ఓబులేసు సారు చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. నాకు సిగ్గుగా ఉంది. తువ్వాలు కూడా కప్పకుండా వెనక బెంచీ పక్కన నన్ను కూర్చోబెట్టడం ఏమిటని మనసులో కించపడ్డాను.

అక్కడ కూర్చున్నాక తెలిసింది, ఇన్నేళ్ళూ నేను బడిని చూడలేదని.

సారు లెక్క చేసి, అలవాటుగా "అర్థమైందా?" అన్నారు. "అయింది సార్" అని తరగతంతా ఒక్క గొంతుతో పలికింది. ముందు నుంచి వింటే అది ఒక్క గొంతే. వెనక నుంచి వింటే రెండు బెంచీల గొంతు. తక్కిన బెంచీల్లో పెదవులు మాత్రమే కదిలాయి.

నా పక్కన హసీనా అనే పిల్ల మారెక్కను మోచేత్తో పొడిచింది. "నీకు తెలిసిందామ్మే?"

"లేదే."

"మరి అయిందంటివి."

"అందరూ అంటాండారు గదా. అనకుంటే మళ్ళా మొదుట్నించి చెప్తాడు."

మేడమ్ గారికి ఇది వినబడింది. నా చెయ్యి మీది నూనె మరకను మెల్లగా రుద్దుతున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి. బయటికి వచ్చాక ఆమె టైంటేబులు తీసి మర్నాటి తరగతి చూసుకున్నారు. ఎవరి తప్పూ ఎత్తి చూపలేదు.

వారమంతా నేను ఏదో ఒక తరగతి వెనక ఉన్నాను. స్టాఫ్ రూములో మాత్రం గొడవ మొదలైంది. "హెడ్మాస్టరు పనికి వచ్చిందా, సి.ఐ.డి. పనికి వచ్చిందా ఆయమ్మ?" అన్నారు ఓబులేసు సారు. ఆ మాట కిటికీలోంచి మేడమ్ గారి దాకా పోయింది. ఆమె కోప్పడతారని అందరూ కాచుకున్నారు. ఆమె నవ్వి, "రేపు నేను సైన్సు పాఠం చెప్తా. ఆ కుర్చీలో మీరు కూర్చోండి, నామీద సి.ఐ.డి. పని మీరు చేద్దురు" అన్నారు.

ఆయన కూర్చున్నారు. బిర్రబిగుసుకొని, నా అంచు మీద మాత్రమే కూర్చున్నారు. మేడమ్ గారు విద్యుత్తు పాఠం చాలా బాగా చెప్పారు. చివర్న ఆమె నోటి నుంచీ అదే మాట వచ్చింది.

"అర్థమైందా?"

"అయింది మేడమ్."

"ఏమయిందే?" అంది హసీనా.

"ఏమో, నువ్వూ అను" అంది మారెక్క.

నా మీద కూర్చున్న ఓబులేసు సారుకు పొట్ట ఊగేంత నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి నా చేతులు గట్టిగా పట్టుకున్నారు. పాఠం అయ్యాక వరండాలో మేడమ్ గారితో, "ఏం మేడమ్, నా క్లాసు మాదిరే ఉందే మీదీ" అన్నారు. ఆ నవ్వులో ఆయన స్టాఫ్ రూము పుల్లవిరుపు ఎక్కడో కరిగిపోయింది. ఇద్దరూ చాలాసేపు ఆ వరండాలోనే నిలబడి మాట్లాడుకున్నారు. కుళ్ళాయప్ప ఎవరూ చెప్పకుండానే రెండు గ్లాసుల టీ తెచ్చిపెట్టాడు.

ఆ తర్వాత మా బడిలో "అర్థమైందా" అన్న ప్రశ్న మానేశారు. దానికి బదులు ఎవరో ఒక పిల్లను లేపి "యాడిదాకా వచ్చింది, యాడ నిలిచిపోయింది?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో పిల్లలకు నోరు రాలేదు. రాలేదని చెబితే తిట్లు రావని నమ్మకం కలగడానికి దసరా దాటింది. శనివారం మధ్యాహ్నాలు ఒక సారు తరగతిలో ఇంకో సారు నా మీద కూర్చొనేవారు. అన్నీ సాఫీగా జరిగాయని కాదు. హిందీ పండిట్ గారు నా మీద కూర్చొని రెండుసార్లు నిద్రపోయారు. పిల్లలు ఆయన మేలుకోకుండా గొంతు తగ్గించి జవాబులు చెప్పారు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆదిశేషయ్య గారు తనిఖీకి వచ్చారు. కుళ్ళాయప్ప తువ్వాలు తెచ్చి నాకు కప్పాడు కానీ, నన్ను ముందుకు తేలేదు. ఆయన నల్లబల్ల పక్కన కుర్చీ కోసం వెతికి, కనబడక, వెనక దాకా నడిచివచ్చి కూర్చున్నారు. బరువైన మనిషి. నిట్టూర్పు కూడా బరువుగానే ఉంది.

ఓబులేసు సారు అభ్యాసం చేయించని లెక్క ఇచ్చారు. మారెక్క నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సగం చేసి ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ కుళ్ళాయప్ప కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ గారు కదల్లేదు.

"ఈడిదాకా వచ్చింది సార్. ఈ గుర్తు ఎందుకు మార్తాదో తెలీలేదు" అంది మారెక్క గట్టిగా.

హసీనా లేచి వెళ్ళింది. ఇద్దరూ నల్లబల్ల ముందు కాసేపు కొట్లాడుకున్నారు. "అట్ల గాదే, అవతలికి పోతే మార్తాది" అంటూ హసీనా సుద్దముక్క లాక్కుంది. లెక్క పూర్తయింది.

ఆదిశేషయ్య గారు ఓబులేసు సారును దగ్గరికి పిలిచారు. "నా ఎదుట అమ్మాయి రాలేదని చెప్పేసింది. మీకు భయం వెయ్యలేదా?"

"వేసింది సార్. కానీ ఇంతకుముందు పరీక్ష గదిలోనే తెలిసేది మాకు, రాలేదని. ఇప్పుడు జనవరిలోనే తెలుస్తాంది."

ఆయన ఏమీ రాయలేదు. ఇంకో గంట నా మీదే కూర్చున్నారు.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. జిల్లా అంతటికీ ఉత్తర్వు వెళ్ళింది, ప్రతి తరగతిలోనూ వెనక ఒక కుర్చీ ఉండాలని. నెల తిరక్కుండానే జిల్లాలో కొత్త కుర్చీలు వెలిశాయి. ఒక బడిలో దానికి పూలదండ వేసి ఫొటో తీయించారు. ఇంకో బడిలో ఎవరూ కూర్చొని పాడు చేయకుండా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. మరో చోట తరగతి వెనక కాక, బడి వెనక పెట్టారు. కుర్చీలు వచ్చాయి కానీ వాటిలో కూర్చొనే మనుషులు రాలేదు.

ఆదిశేషయ్య గారు తన ఉత్తర్వును తనే వెనక్కి తీసుకున్నారు. మేడమ్ గారికి కబురు పెట్టి, "మీ దగ్గర ఎలా కుదిరింది?" అని అడిగారు.

"నా పాఠం కూడా వాళ్ళకు చూపించినాను సార్" అన్నారామె.

తర్వాతి సమావేశంలో బడుల పేర్లు పై నుంచి కిందికి చదవలేదట. ఇద్దరిద్దరు ప్రధానోపాధ్యాయులను జత చేశారు. ఒకరి బడిలో ఇంకొకరు ఒక రోజు వెనక కూర్చోవాలి. మొదటి జతలో మేడమ్ గారితో ఆదిశేషయ్య గారే ఉన్నారు. మా బడికి వచ్చి ఎనిమిదో తరగతికి భూగోళం చెప్పారు, మేడమ్ గారు నా మీద కూర్చున్నారు. ఆయన చివర్న ఏమడిగారో మీరు ఊహించగలరు. తరగతంతా ఏమందో కూడా. మేడమ్ గారు దగ్గు వచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఫలితాలు మే నెలలో వచ్చాయి. మా బడి మొదటి స్థానానికేమీ ఎగరలేదు, మధ్యలో ఎక్కడో నిలిచింది. అడుగున మాత్రం లేదు. మారెక్క పాసయింది, లెక్కల్లో అంచనా కంటే కొంచెం బాగా. హసీనా మారెక్క కంటే బాగా, ఆ విషయం ఊరంతా చెప్పుకొని తిరిగింది. పదో తరగతి రాళ్ళకొత్తూరులోనే ఉంటుందని జూన్‌లో బడి తెరిచిన రోజున ఫోను వచ్చింది.

ఆ సాయంత్రం కొత్త పదో తరగతి ఆడపిల్లలు అరుచుకుంటూ ఇళ్ళకు పోయారు. తరగతి గదిలో మేడమ్ గారు, కుళ్ళాయప్ప, నేను మిగిలాం. రోజూలాగే అతను వంగి నా చేతులు పట్టుకున్నాడు, మోసుకుపోయి తాళం వేయడానికి.

"ఉండనీలే అప్పా" అన్నారు మేడమ్ గారు. "పొద్దున మళ్ళా ఈడికే గదా."

అతను నడుము నిమురుకుంటూ ఆలోచించాడు. "ఎవురన్నా ఎత్తుకపోతే?"

"ఎత్తినోనికే ఇచ్చేద్దాం."

కుళ్ళాయప్ప నవ్వాడు. ఫోను వచ్చిన సంబరంలో నాకు కప్పిన పసుపు తువ్వాలు తీసి, దానితోనే నా మీది సుద్దపొడి తుడిచి, మడిచి భుజాన వేసుకున్నాడు. పోయినేడు మారెక్క కూర్చున్న బెంచీకి ఆనించి, నల్లబల్ల కనబడేలా నన్ను కొంచెం సర్దాడు. కిటికీ రెక్కలు దగ్గరికి వేశాడు. గడప దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసి, నిద్రపోతున్న మనిషి ఉన్న గదిని మూసినట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగాడు.