గోడ మీది రొట్టె

మా ఊళ్లో మగవాళ్లు పరాయి దేశం పనికి వెళ్లేముందు రొట్టె ఒకసారి కొరికి వెళతారు. మిగిలినదాన్ని గోడకు మేకు కొట్టి వేలాడదీస్తాం. తిరిగొచ్చాక వాళ్లే దాన్ని తినాలి.

నా భర్త తోల్కిన్ నిన్న అల్మాటీ నుంచి వచ్చాడు. అక్కడ ఇళ్లు కట్టే పనికి వెళ్లాడు. మధ్యలో పోలీసులు పట్టుకుని, తర్వాత వదిలేశారని మాత్రం మాకు తెలుసు.

ఆయన గుమ్మం దాటగానే అత్తగారు రొట్టె దించి, దుమ్ము దులిపి ఆయన చేతికిచ్చింది.

"కొరుకు అన్నయ్యా! కొత్త పెళ్లికొడుకులా నోటికి ఆ రుమాలు అడ్డమెందుకు?" అన్నాడు మరిది ఎర్కిన్.

ఆయన రుమాలు తీశాడు. ముందు పళ్లు ఒక్కటీ లేవు.

"ఎవర్రా ఈ పని చేసింది?" అంది అత్తగారు.

"పోలీసులే. ఫోను దొంగిలించానని ఒప్పుకోమన్నారు. లేదన్నప్పుడల్లా కొట్టారు. చివరికి అది వాళ్ల జీపులోనే దొరికింది." ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

"వాళ్ల చేతులు పడిపోను! తప్పయిందని అన్నారా?"

"టీ ఇచ్చారమ్మా. వేడిగా ఉంది, తాగలేకపోయాను."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండాలి కదా, అదీ మండలేదు. నానబెట్టి పెడదామని రొట్టె అందుకున్నాను. వెళ్లేటప్పుడు కొరికిన అంచున ఆయన పళ్ల గాట్లు వరసగా, ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి.

మిగతాదంతా తుంచి టీలో వేశాను. ఆ అంచును మాత్రం మళ్లీ మేకుకు తగిలించాను.