బాకీ తీరిన చప్పుడు

ఆ ఇంట్లో టీ కన్నా ముందు ఆకురాయి చప్పుడు లేస్తుంది. ఉదయగిరి కొండ కర్రతో వహాబ్ చెంచాలు చెక్కుతాడు, అతని భార్య సాయిరా వాటిని ఆకురాయితో రుద్ది నునుపు చేస్తుంది. ఆ పొద్దున కూడా ఇద్దరూ వసారాలో అదే పనిలో ఉన్నారు. సాయిరాకు ఏడో నెల. పొట్ట అడ్డం వస్తుంటే గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని రుద్దుతోంది. ఆకురాయి అత్త ఖాజాబీది. ముప్పై ఏళ్ల కింద రొక్కమిచ్చి కొన్నది కాబట్టి గరగరమని మోగుతుంది. ఆ ఇంట్లో మోగేవి అలాంటి పాత సామాన్లే.

అప్పు మీద కొన్న వస్తువుకు బాకీ తీరేదాకా చప్పుడుండదు. ఈ సంగతి ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వెనకటికి వడ్డీకి తెచ్చి కొన్న ఎద్దు మెడలో గంట మోగేది కాదట. ఇప్పుడు కార్డులొచ్చాయి, అంతే తేడా. వహాబ్ ఇంట్లో మిక్సీ తిరుగుతుంది, పచ్చడి నలుగుతుంది, చప్పుడు రాదు. బండికి హారన్ మోగదు కాబట్టి సందుల్లో అతనే నోటితో "జరగండి, జరగండి" అని అరుచుకుంటూ పోతాడు. బాకీ తీరిన రోజు మాత్రం ఆగిన చప్పుళ్లన్నీ వరసబెట్టి బయటికొస్తాయి. ఆ పూటకి ఇరుగుపొరుగు చెవుల్లో దూది పెట్టుకుని, పాపం ఒడ్డున పడ్డారులే అనుకుంటారు.

మనుషులకైనా అంతే. మూడేళ్ల కింద ఖాజాబీకి గుండెనొప్పి వస్తే వహాబ్ నెల్లూరు తీసుకుపోయి, కార్డు గీకి ఆపరేషన్ చేయించాడు. తల్లి బతికింది. గొంతు మాత్రం బ్యాంకు దగ్గర ఉండిపోయింది. పెదాలు ఆడేవి, మాట వినబడేది కాదు. చదువు రాదు కాబట్టి రాసి చూపించేదీ లేదు. ఆమె ఏదో అంటే వీళ్లు నీళ్లిచ్చేవాళ్లు. దాహం లేకపోయినా తాగేది.

పోయినేడు హైదరాబాదు వ్యాపారి ఒకాయన రెండు వేల చెంచాలు ఒక్కసారిగా తీసుకున్నాడు. ఆ డబ్బుతో ఆస్పత్రి బాకీ తీరిపోయేదే. వహాబ్ బ్యాంకుకు మినిమం కట్టి, మిగిలింది వసారా రేకులకు పెట్టాడు. "అమ్మీ గొంతు యాడికి పోతాదిలే, వచ్చే ఏడు తెచ్చుకుందాం" అన్నాడు. ఖాజాబీ ఏదో చెప్పి తలూపింది. ఏం చెప్పిందో ఎవరికి తెలుసు?

ఎనిమిది నెలల కింద ఒక తెల్లారి ఆమె మంచం మీద చల్లబడి ఉంది. నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలు అన్నారు ఊరివాళ్లు. వహాబ్ కూడా అదే నమ్మాడు. నమ్మితేనే కదా మనిషికి అన్నం దిగేది.

ఇప్పుడు ఆమె చెవి కమ్మలు ఆత్మకూరులో అమ్మి, ముందురోజు సాయంత్రం ఎదురింటి ముబీన్ సెల్ షాపులో రెండు కార్డుల బాకీ పైసాతో సహా కట్టేశాడు. డబ్బు బ్యాంకులో జమ కావడానికి ఒక పూట పడుతుందన్నారు. ఆ రెండు కార్డులూ కర్ర చెక్కే దిమ్మ మీద పక్కపక్కనే ఉన్నాయి.

"ఇంకా ఏం చూస్తన్నావు? కోసి పారెయ్" అంది సాయిరా.

"ఒకటి ఉండనీ. కాన్పు ఉండాది గదా."

బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆపరేషన్ కావచ్చనీ, అరవై వేలు దగ్గర పెట్టుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఆరు వేలు కూడా లేవు.

"కార్డు మీద కాన్పైతే నా బిడ్డ ఏడుపు నాకు వినపడతాదా?"

"వినపడకపోతే ఏమి? బిడ్డ దక్కితే చాల్దా? అమ్మీ రెండేళ్ల పైన బతకలేదా?"

"బతికింది. ఆ రెండేళ్లలో ఆమె ఏమనిందో ఒక్క మాట చెప్పు, చూద్దాం."

వహాబ్ ఉలి పక్కన పెట్టాడు.

అంతలో ముబీన్ వచ్చాడు, చెవుల్లో ముందుగానే దూది పెట్టుకుని. "అన్నా, కార్డులు పారేసేవు! స్కోరు పడిపోతాది. నీకు లిమిట్ మూడు లక్షలకు పెంచినారు, చూసినావా? సొంత తమ్ముడిస్తాడా అంత?" అని అరిచి చెప్పి, షాపుకు వెళ్లిపోయాడు.

మూడు లక్షలు. వహాబ్ ఒక కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సాయిరా చేతిలో ఆకురాయి గట్టిగా మోగింది.

మధ్యాహ్నం నమాజు అయిన కాసేపటికి ఫోన్లో డబ్బు జమైందని మెసేజ్ వచ్చింది. వెంటనే ఇల్లు మొదలుపెట్టింది. ఫ్రిజ్ గుర్రుమంది. మిక్సీ అరిచింది. నిలబెట్టిన బండి, ఇన్నాళ్లూ మోగని హారన్లన్నీ గుక్క తిప్పుకోకుండా మోగించింది. వీధిలో ఎవరో నవ్వారు. ఆ గోలలోంచి, మంచం ఉండే మూలనుంచి, ఖాజాబీ గొంతు వచ్చింది.

"టీలో చక్కెర ఎక్కువేసినావే సాయిరా."

సాయిరా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వస్తున్నది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"రే వహాబూ, తిన్నావా?" మళ్లీ "తిన్నావా?" రోజుకొకసారి చొప్పున ఎన్ని వందలసార్లు అడిగిందో అన్నిసార్లూ వచ్చింది. అలా అడిగినప్పుడే వీళ్లు నీళ్ల చెంబు అందించింది. "రేకులు బాగుండాయిరా. వానకింక బయం లేదు" అంది. ఆ రోజు తలూపింది అందుకన్నమాట. వహాబ్ గడపలో కూలబడి, పిల్లాడిలా ఏడ్చాడు.

మాటలు నెలలు దాటుకుంటూ వస్తున్నాయి. రంజాన్ వచ్చింది, పోయింది. ఎండాకాలం ఉక్కపోతను తిట్టింది. ఇవి ఎక్కడికి పోతున్నాయో సాయిరాకు ముందు తట్టింది. "బయటికి పోదాం దా" అని అతని చెయ్యి పట్టుకుని లాగింది. వహాబ్ కదల్లేదు.

"రే వహాబూ. లెయ్ రా. గుండె పట్టేసినాది."

ఆమె పోయిన ఆ రాత్రి అతను మంచం పక్కనే చాప మీద పడుకున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం.

"వహాబూ... లెయ్ నాయనా... సాయిరా, నువ్వన్నా లెయ్యే..."

తరవాత చెంబు బండల మీద పడి, దొర్లి, గోడకు కొట్టుకున్న చప్పుడు. తెల్లారి ఆ చెంబు మంచం కింద కనిపిస్తే సాయిరా మామూలుగా తీసి గూట్లో పెట్టింది. స్టీలు చెంబు, నూట నలభై రూపాయలు. సూపర్ మార్కెట్లో కార్డు మీదే కొన్నారు.

ఇంకో నాలుగుసార్లు పిలిచింది. గొంతు చిన్నదవుతూ వచ్చింది. తరవాత ఆ మూలనుంచి ఏమీ రాలేదు. ఫ్రిజ్ ఒక్కటే మోగుతోంది.

"వచ్చినా అమ్మీ" అన్నాడు వహాబ్, ఎనిమిది నెలల తరవాత.

చాలాసేపటికి లేచి, జేబులో కార్డు తీసి, రెండోదానితో కలిపి దిమ్మ మీద పెట్టాడు. రంపంతో ముక్కలు ముక్కలుగా కోశాడు. ముక్కలు గోరంత అయ్యాక కూడా చెయ్యి ఆపలేదు. సాయిరా వచ్చి రంపం తీసుకుంది.

మర్నాడు బండి అమ్మడానికి ఆత్మకూరు బయల్దేరాడు. ఇన్నాళ్లకు గొంతొచ్చిన బండి, దానిమీద అతనికి మిగిలింది ఆ ఒక్క ప్రయాణమే. దోవలో మనిషి ఉన్నా లేకపోయినా హారన్ కొడుతూ పోయాడు. బండి డబ్బు కాన్పుకు చాలలేదు. తక్కువైనదానికి వసారా రేకులు విప్పి అమ్మారు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పుట్టగానే వార్డంతా లేచేలా ఏడ్చింది. రేకుల్లేని వసారాలోకి వచ్చినప్పటినుంచీ రాత్రిళ్లు ఏడుస్తూనే ఉంది. ఆ పిల్ల కిక్కురుమంటే చాలు, సాయిరా కన్నా ముందు వహాబ్ ఉలిక్కిపడి లేస్తాడు. "వచ్చినా అమ్మీ, వచ్చినా" అంటూ ఉయ్యాల పట్టుకుంటాడు. పిల్ల ఊరుకుని నిద్రపోయాక కూడా చీకట్లో ఆ మాటే అంటూ కూర్చుంటాడు.