చెవికి లోపలినుంచి వచ్చే కబురు

చేటలో బియ్యం చెరుగుతుంటే నాకు ఇల్లు కనిపించడం మానేస్తుంది. గింజలు లేచి పడే ఆ సవ్వడిలోకి మెల్లగా దిగిపోతాను. దాని వెనక పెన్న మీదుగా వచ్చే గాలి, ఆ గాలి వెనక నిజంగా వినపడుతుందో నేనే కల్పించుకుంటున్నానో తెలియని సముద్రపు హోరు. ఆ రోజూ అట్లాగే ఉన్నాను. మా ఆయన చెంచురామయ్యగారు వచ్చి భుజం పట్టి కుదిపేదాకా ఆయన పిలిచిన సంగతే తెలియదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు కావాలట. వసారాలోంచి గొంతు పోయేటట్టు అరిచారట.

ఇది మొదటిసారి కాదు. అందుకని మా అత్త వెంకటశేషమ్మ ఆ పూటే తేల్చేసింది, కోడలికి చెవుడని. అంతటితో ఆగితే బాగుండేది. "చెవిటిదాని చేతిలో పసిబిడ్డను ఎట్టా వదిలేది? ఇందిర వచ్చి తీసకపోతుందిలే," అనింది. ఇందిరమ్మ నా ఆడబిడ్డ, బోగోలులో ఉంటుంది, పిల్లల్లేరు. నా కూతురు పుట్టినప్పటి నుంచీ దాని మీదే ఆమె కన్ను. నా బిడ్డ ఉయ్యాల్లో కదిలితే పెరట్లో అంట్లు తోముకునే నాకు తెలుస్తుంది, పాలు చేపుకొస్తాయి. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరైనా చూశారా? నాకు చెవులు బాగానే ఉన్నాయంటే, అయితే పొగరన్నమాట అంటారు. ఎటు తిరిగినా తప్పు నాదే. బిడ్డను పంపేముందు ఒక్కసారి డాక్టరుకు చూపించమని బతిమాలాను. సణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

కోవూరులో బస్సెక్కి వంతెన దాటి నెల్లూరు పోయాము. డాక్టరు ఎలిశబెతమ్మ మద్రాసులో చదివొచ్చిన మనిషి. అత్త బిడ్డతో వరండాలో కూర్చుంది. డాక్టరమ్మ ఒక ఇనుప కమ్మిని మోగించి చెవి దగ్గర పెట్టి, దూరం జరిపి చూసింది. అంతా వినపడింది. తర్వాత నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలబడి పిలవమని మా ఆయనకు చెప్పింది. మా వైపు మగవాళ్లు నలుగురిలో పెళ్లాం పేరు ఎత్తరు. మా ఆయన నలుగురు లేనప్పుడు కూడా ఎత్తిన పాపాన పోలేదు. తనకు అలవాటైనట్టే పిలిచారట. నేను గోడమీద సున్నం పెచ్చులూడిన చోటు చూస్తున్నాను. ఎండాకాలం పెన్నలో ఇసుకతిప్పల్లాగా ఉంది, వాటిమీద చల్లగా నడుచుకుంటూ పోతున్నాను. అంతలో వరండాలో బిడ్డ ముక్కు చీదినట్టు చిన్న సద్దు చేసింది. నేను లేచి నిలబడ్డాను.

డాక్టరమ్మ నన్ను చూసింది, ఆయన్ను చూసింది. ఆయన్ను బయట కూర్చోమంది.

అప్పటిదాకా ఆయన ‘ఏమ్మే, ఏమ్మే’ అని పిలుస్తూనే ఉన్నారని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నటించలేదమ్మా, నిజంగా వినపళ్లేదు అన్నాను.

"నమ్ముతాను తల్లీ. చెవి నుంచి మెదడుకు నరాలు పోతాయని అందరికీ తెలుసు. మెదడు నుంచి చెవి లోపలికి వచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి. పిల్లుల్లో వాటిని కదిలించి చూస్తే చెవి పంపే కబురు తగ్గిపోయిందట. నీకు జరిగింది అదేనని ఒట్టేసి చెప్పలేను. ఈ చదువుల్లో పెద్దవాళ్లు ఇంకా తెలుసుకుంటున్నారు."

కలలో ఉన్నట్టు కూర్చుండిపోయాను. ఏ పూట ఏ కూర వండాలో కూడా నన్నడగని ఇంట్లో, లోపలికి ఏది రావాలో ఏది రాకూడదో నా తలలోనే ఎవరో కూర్చుని చెబుతున్నారన్నమాట. అత్తను అడగలేదు, మొగుణ్ణి అడగలేదు, ఆఖరికి నన్ను కూడా అడగలేదు. మహాతల్లి! ఇన్నాళ్లూ నా తలలో నా తరఫున ఒక మనిషి ఉందని తెలిసేసరికి ఆమెను కావలించుకోవాలనిపించింది. ఎట్లా కావలించుకోవాలో తెలియక నా మోకాళ్లనే చుట్టుకున్నాను.

"మీ ఆయనకు ఏం చెప్పమంటావు?" అంది డాక్టరమ్మ. ఆమెకు నా ఇరకాటం అర్థమైంది.

నేనే చెప్పుకుంటానని లేచాను. వరండాలోకి పోయి అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకున్నాను.

"నా చెవులకేమీ కాలేదు. పని చెప్పేదానికి తప్ప మీరు నన్ను పిలవరు. విని విని విసిగి, నా తలకాయే ఆ పిలుపును లోపలికి రానీకుండా ఉండాది. బిడ్డ గొంతు మాత్రం వస్తా ఉండాది. బిడ్డను బోగోలు పంపను," అన్నాను.

మా ఆయన ముఖం ఎర్రగా చేసుకుని, చేతులు తిప్పుతూ, బస్సు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఏమన్నారో నాకు ఈనాటికీ తెలియదు.